తానీషా రాసిచ్చిన రసీదు

ఐతిహ్యాన్ని చరిత్ర అనుకోవడం ఒక పొరపాటు. అబద్ధమని అవతల పారెయ్యడం అంతకంటే పెద్ద పొరపాటు. మొదటిది భక్తులు చేస్తారు, రెండోది మన అభ్యుదయ విమర్శకుల్లో కొందరు చేస్తూ వచ్చారు. భద్రాచల రామదాసు కథ ఈ రెండింటి మధ్య నలిగిపోయింది.

అమెరికాలో 1969లో మొదలై ఇప్పటికీ కొత్త రూపాల్లో వస్తున్న బొమ్మల కథామాలిక ఒకటుంది. పేరు స్కూబీ డూ. నలుగురు కుర్రకారు, ఒక పిరికి కుక్క. ఎక్కడైనా దయ్యం తిరుగుతోందంటే అక్కడికి వెళతారు, మనల్ని నవ్విస్తూ పరుగులు తీస్తారు, చివరికి దయ్యం ముసుగు లాగుతారు. చాలా కథల్లో లోపల ఉండేది ఏ ఆస్తి మీదో, నిధి మీదో కన్నేసిన మామూలు మనిషే. 2021లో వచ్చిన చిత్రం ఈ బృందాన్ని ఇంగ్లండుకు, ఆర్థరు రాజు ఐతిహ్యంలోకి పంపింది. అదేదో మహా కళాఖండమని నేననడం లేదు. కాని అద్భుతం కనబడగానే చేతులు జోడించకుండా, దీనివల్ల ఎవరికి లాభం అని అడగడం ఆ కథల పద్ధతి. ఆ ప్రశ్న మన గడ్డ మీది కథను ఎందుకు అడగకూడదు?

కథ అందరికీ తెలిసిందే. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, గోల్కొండ మంత్రులు అక్కన్న మాదన్నల మేనల్లుడు. పాల్వంచ పరగణాకు తహశీల్దారు. వసూలైన సర్కారు పైకంతో భద్రగిరి మీద రాముడికి గుడి కట్టించాడు, నగలు చేయించాడు. తానీషా ఖైదు చేయించాడు. పన్నెండేళ్లు గడిచాక ఒక రాత్రి రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు నౌకర్లు తానీషాను నిద్రలేపి, ఆరు లక్షల మొహరీలు ముందు పోసి, రసీదు రాయించుకున్నారు. దాన్ని చెరసాలలో నిద్రపోతున్న గోపన్న తలగడ కింద పెట్టి మాయమయ్యారు.

ఈ రసీదు దగ్గర కాస్త ఆగాలి. హరికథ చెప్పేవాడు ఇక్కడికి వచ్చేసరికి గొంతు గద్గదం చేసుకుంటాడు గాని, నిజానికి ఇది మన సాహిత్యంలోని గొప్ప హాస్య ఘట్టాల్లో ఒకటి. రావణుణ్ణి చంపినవాడు, సముద్రానికి వారధి కట్టినవాడు, అర్ధరాత్రి నిద్రకళ్ల సుల్తాను ముందు నిలబడి, చెల్లుచీటీ ఇస్తేగాని కదలనంటున్నాడు! శిస్తు కట్టినవాడి చేతిలో చీటీ లేకపోతే కట్టనట్టేనన్న సంగతి బాగా ఎరిగిన సమాజం మాత్రమే ఇలాంటి దేవుణ్ణి ఊహించగలదు. చెరసాల గోడలు బద్దలు కొట్టే దేవుడు ఈ కథకు పనికిరాడు. లెక్క సరిచేసే దేవుడు కావాలి. గోపన్న కీర్తనల్లోనూ ఈ కరణీకపు వాసన ఉంది. ఏ నగకు ఎంత ఖర్చయిందో దేవుడికే లెక్క అప్పజెప్పి, నిలదీసి, తిట్టి, మళ్లీ తిట్టినందుకు బతిమాలుకుంటాడు. ఆ కీర్తనలు ఇప్పటికీ బతికి ఉన్నాయంటే అందులోని భక్తి ఒక్కటే కారణం కాదు, ఆ పోట్లాట కూడా.

రెండో హాస్యం ఇంకా లోతైనది. దర్శనమైంది ఎవరికి? తానీషాకు. పన్నెండేళ్లు ఏడ్చినవాడు ఆ సమయానికి నిద్రలో ఉన్నాడు. ఈ ఐతిహ్యాన్ని మత విద్వేషానికి వాడుకోజూసేవారు మరచిపోయే సంగతి ఇదే. జనం అల్లుకున్న కథ ముస్లిం ప్రభువును రాక్షసుణ్ణి చెయ్యలేదు, రాముణ్ణి కళ్లారా చూసిన అదృష్టవంతుణ్ణి చేసింది. కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే సంప్రదాయాన్ని అతనికే అంటగట్టింది.

ఇక అసలు చిక్కుముడి కాలానిది. అబుల్ హసన్ తానీషా గద్దెనెక్కింది 1672లో. మాదన్న చేతికి అధికారం వచ్చింది 1674 ప్రాంతంలో. అక్కన్న మాదన్నలు హత్యకు గురైంది 1685-86లో. ఔరంగజేబు సేనలు గోల్కొండను పట్టుకున్నది 1687లో. పన్నెండేళ్ల ఖైదు 1687లో ముగిసిందనుకున్నా, 1675కే మొదలు కావాలి. అంటే మాదన్న అధికారంలోకి రావడం, మేనల్లుడికి కొలువు ఇప్పించడం, ఇతడు శిస్తు వసూలు చెయ్యడం, కొండ మీదికి రాయి మోయించడం, నగలు చేయించడం, పట్టుబడడం అంతా ఏడాదిలో జరిగిపోవాలి. పైగా రాజ్యమంతా మేనమామల చేతిలో ఉండగా మేనల్లుడు చెరసాలలో మగ్గడమేమిటి? కేసు బలహీనంగా ఉందని కథకులకూ తెలుసు. అందుకే పూర్వజన్మ సాక్షిని తెచ్చారు. గోపన్న వెనకటి జన్మలో చిలకను పన్నెండేళ్లు పంజరంలో పెట్టాడట. ఆ పాపం ఇలా తీరిందట.

పన్నెండు అనే అంకె పాండవుల అరణ్యవాసం నుంచి మన కథలకు అలవాటైనదే. కాని చరిత్రలో ఆ అంకెకు దగ్గరగా వచ్చే ఖైదు ఒకటుంది. గోల్కొండ కూలాక తానీషాను దౌలతాబాదు కోటలో బంధించారు. అక్కడే సుమారు పన్నెండేళ్లకు, 1699లో చనిపోయాడు. అతని కోసం మొహరీలు తెచ్చిన రామోజీ ఎవడూ లేడు. ప్రభువు అనుభవించిన చెర కాలక్రమంలో ఉద్యోగి కథలోకి జారిందా? రుజువు చెయ్యడానికి నా దగ్గర కాగితం లేదు, ఊహ మాత్రమే. కబీరును గోపన్నకు గురువుగా తీసుకొచ్చిన కథ, ఇద్దరి నడుమ శతాబ్దంన్నర ఎడముందని లెక్కచెయ్యని కథ, ఈ పని చెయ్యలేదనడానికీ వీల్లేదు.

సినిమాలు ఈ చిక్కుల జోలికి పోలేదు. 1964లో చిత్తూరు నాగయ్య తానే తీసి, నటించిన చిత్రం ఆర్ద్రతతో నిలబడింది. 2006లో కె. రాఘవేంద్రరావు తీసిన ‘శ్రీరామదాసు’ పాటలతో, వెలుగులతో నిలబడింది. కళ్లు చెమర్చడానికి రెండింట్లోనూ చోటుంది. రసీదు చూసి నవ్వాలంటే మాత్రం తోలుబొమ్మలాట దగ్గరికే పోవాలి. దీపం ముందు, తెర వెనక బొమ్మలు కదిలే ఆ ఆటలో రాముడు యుద్ధానికి బయల్దేరుతున్నా సరే, జుట్టు పోలిగాడు, బంగారక్క నడుమ దూరి ఎకసెక్కాలాడేవాళ్లు. దేవుడి కథ మధ్యలో కూలివాడి ప్రశ్న వేసే హక్కు ఆ బొమ్మలకు ఉండేది. కదిలే బొమ్మల సినిమా ఎక్కడో పరాయి దేశంలో పుట్టిన వింత అనుకునే నా విద్యార్థులకు ఈ మాట చెబుతుంటాను.

జుట్టు పోలిగాడు భద్రాద్రి కథలోకి దూరితే ఏమడుగుతాడు? ఆరు లక్షలు ఎవరు కట్టారని కాదు. ఎవరి దగ్గర వసూలు చేశారని.

కథ మొత్తం ఈ ప్రశ్న మీద కప్పిన దుప్పటి. సర్కారు సొమ్ము దేవుడికి ఖర్చయింది, దేవుడు సర్కారుకు తిరిగి కట్టాడు, ఇద్దరి ఖాతా చెల్లు. పాల్వంచ పరగణా రైతు ఖాతా ఏ పద్దులోనూ కనబడదు. తానీషాకు ముట్టిన మొహరీల్లో ఒక్కటైనా పండించినవాడి గుమ్మానికి తిరిగి రాలేదు. గోపన్న మంచివాడా కాడా అన్నది ఇక్కడ సమస్య కాదు. సొమ్ము సృష్టించినవాణ్ణి తప్పించి, దాన్ని వసూలు చేసినవాడికీ, అనుభవించినవాడికీ మధ్యనే న్యాయం తీర్చడం భూస్వామ్య వ్యవస్థ కథలల్లే తీరు.

ఇదే అడవి మరో కథ కూడా చెప్పుకుంది. గోదావరికి ఈవలి ఒడ్డున, ములుగు అడవుల్లోని మేడారంలో. కరువు వచ్చింది, కోయదొరలు కప్పం కట్టలేమన్నారు, కాకతీయ ప్రతాపరుద్రుడి (1289-1323) సేన వచ్చి పడింది. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ నేలకొరిగారు. జంపన్న సంపెంగ వాగులో దూకాడు, అది జంపన్న వాగైంది. గాయపడ్డ సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి మాయమైంది. వెతికినవాళ్లకు పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది. ఇందులోనూ చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నది తేలవలసిన విషయమే. కాని రెండు కథలూ పన్ను చుట్టూ తిరుగుతున్నాయి. ఒకదానిలో పన్ను వసూలు చేసినవాడి కష్టం తీర్చడానికి దేవుడు దిగివచ్చాడు. రెండోదానిలో పన్ను ఎగవేసినవాళ్లకు ఏ దేవుడూ రాలేదు, వాళ్లే దేవతలయ్యారు.

పుట్ట భద్రాద్రి కథలోనూ ఉంది. గోపన్న రాకముందే పుట్టలో విగ్రహాలను చూసి, తాటాకు పందిరి వేసి, పండ్లు నైవేద్యం పెట్టింది భద్రిరెడ్డిపాలెం పోకల దమ్మక్క. అడవి మనిషి. ఆమెకు కథలో దక్కింది మొదటి అంకంలో కాస్త చోటు. తహశీల్దారు గుర్రం దిగగానే ఆమె పక్కకు తప్పుకుంటుంది. ఆ తరవాత రాయి మోసిందెవరో, ఆమె వాళ్లు ఎంత శిస్తు కట్టారో కథ చెప్పదు. ఇదే భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి 1879లో రంప తిరుగుబాటు పాకినప్పుడు, పోడు మీది పన్ను, అడవి మీది ఆంక్షలు అందుకు కారణాల్లో ముందున్నాయి.

రామదాసు మీద ఈ తరంవాళ్లు కొత్తగా నాటకం రాసినా, బొమ్మల సినిమాకు కథ రాసినా, రసీదు ఘట్టాన్ని తీసెయ్యమని నేననను. తలగడ కింద దొరికిన ఆ కాగితాన్ని దమ్మక్క చేతికిచ్చి, పైకి చదివించమంటాను.