బానిసయాత్ర

1984 ఆగస్టులో బ్రిటిష్ హెవీ మెటల్ బృందం ఐరన్ మెయిడెన్ కొత్త ఆల్బమ్ ‘పవర్‌స్లేవ్’తో ప్రపంచయాత్ర మొదలుపెట్టింది. తొలి కచేరీ లండన్‌లో కాదు, వార్సాలో! పోలండ్‌లో సైనికపాలన ఎత్తేసి అప్పటికి ఏడాదే. అక్కడికి ఈజిప్టు గుడిలాంటి రంగస్థలాన్ని మొత్తంగా మోసుకెళ్ళారు.

ఆపైన పదకొండు నెలలు, 180కి పైగా కచేరీలు. యాత్ర పేరు ‘వరల్డ్ స్లేవరీ టూర్’. సరదాకే పెట్టుంటారు గానీ, బాగానే అతికింది. దారిలో రికార్డు చేసిన ‘లైవ్ ఆఫ్టర్ డెత్’లో హుషారే తప్ప అలసట వినబడదు. గాయకుడు బ్రూస్ డికిన్సన్ మాత్రం బృందాన్నే వదిలేద్దామనుకునేంతగా అలిసిపోయాడు. తర్వాతి ఆల్బమ్‌కి అకూస్టిక్ గిటారుతో నెమ్మదైన పాటలు కట్టుకొస్తే మిగతావాళ్ళు వద్దన్నారు. 1986లో వచ్చిన ‘సమ్‌వేర్ ఇన్ టైమ్’లో గొంతు అతనిదే, అతను రాసిన పాట మాత్రం ఒక్కటీ లేదు.