పెద్ద మోత

అమెరికా, కెనడా సరిహద్దు దగ్గర, సుపీరియర్ సరస్సు ఒడ్డున గ్రాండ్ పోర్టేజ్ అనే చిన్న ఊరు ఉంది. పేరు ఫ్రెంచిది. తెలుగులో చెప్పుకోవాలంటే ‘పెద్ద మోత’ అనొచ్చు. పడవ సాగని చోట పడవనీ సామాన్నీ నీళ్లలోంచి తీసి, మోసుకుంటూ, మళ్లీ పడవ సాగే నీళ్లదాకా నడిచే దారిని పోర్టేజ్ అంటారు. ఇక్కడ ఆ నడక 8.5 మైళ్లు. పిజన్ నది సుపీరియర్‌లో కలిసే ముందు, చివరి మైళ్లలో జలపాతాలూ రాళ్ల మీంచి ఉరికే నీళ్లూ ఉంటాయి. వాటిని తప్పించుకోడానికి కొండల మీంచి పోయే కాలిబాట ఇది.

ఈ పేరు ఫ్రెంచివాళ్లు పెట్టిందని అనుకుంటాం గానీ, వాళ్లు చేసింది అనువాదం మాత్రమే. అక్కడి అనిషినాబే ప్రజలు, అంటే ఒజిబ్వేలు, ఈ చోటుని గిచి-ఒనిగమీంగ్ అంటారు. అర్థం అదే, పెద్ద మోతదారి. తెల్లవాళ్లు వచ్చేసరికి దారీ ఉంది, దానికో పేరూ ఉంది.

ఉత్తర అమెరికా నదుల మీద వేల మైళ్లు కెనూలో పోయినవాళ్ల పుస్తకాలంటే నాకు పిచ్చి. 1930లో ఎరిక్ సెవరైడ్ అనే 17 ఏళ్ల కుర్రాడు, వాల్టర్ పోర్ట్ అనే 19 ఏళ్ల స్నేహితుడితో కలిసి, పాత కెనూ ఒకటి కొనుక్కుని, మినియాపొలిస్ నుంచి హడ్సన్ బే దాకా 2,250 మైళ్లు వెళ్లాడు. తర్వాత పెద్ద జర్నలిస్టయిన సెవరైడ్ రాసిన ఆ ప్రయాణం కథ చదివి ఎంతమంది తెడ్డు పట్టారో! 2011లో నటాలీ వారెన్, ఆన్ రైహో అనే ఇద్దరమ్మాయిలు అదే దారిన వెళ్లొచ్చారు. ఇలాంటి ప్రయాణాల గురించి ఎవరు మాట్లాడినా ఒక మాట తప్పకుండా వస్తుంది: వైల్డర్‌నెస్. దీన్ని తెలుగులోకి తేవాలంటే నాకు కష్టంగా ఉంటుంది. ‘అడవి’ అంటే సరిపోదు. మన అడవిలో చెంచులుంటారు, కోయలుంటారు, గుడీ ఉంటుంది, దారీ ఉంటుంది. ‘నిర్జనారణ్యం’ అంటే అర్థం దగ్గరపడుతుంది, కానీ అబద్ధమవుతుంది. ఎందుకు అబద్ధమో ఈ మోతదారే చెబుతుంది.

18వ శతాబ్దం చివర్లో ఇది ఒక పెద్ద వ్యాపారానికి కీలకమైన మజిలీ. యూరప్‌లో పెద్దమనుషుల టోపీలకి బీవర్ బొచ్చు కావాలి. అక్కడి బీవర్లు దాదాపు అయిపోయాయి. అందుకని మాంట్రియల్ నుంచి నడిచే నార్త్ వెస్ట్ కంపెనీ, ఏటా మే నెలలో నదుల్లో మంచు కరగ్గానే, 36 అడుగుల కెనూల్లో సరుకు నింపి పడమటికి పంపేది. వోయజర్లనే కూలీలు వెయ్యి మైళ్లకు పైగా తెడ్లు వేసుకుంటూ ఇక్కడికి చేరేవాళ్లు. ఉత్తరాన చలికాలమంతా గడిపినవాళ్లు బొచ్చు కట్టలతో చిన్న కెనూల్లో అటునుంచి దిగేవాళ్లు. సరుకూ బొచ్చూ చేతులు మారేది ఇక్కడే.

మోత లెక్క చూడండి. ఒక్కో మూట 90 పౌన్లు. నుదుటికి తోలుపట్టీ తగిలించుకుని, మామూలుగా రెండేసి మూటలు వీపున వేసుకునేవాళ్లు. అంటే దాదాపు 82 కిలోలు. మన 25 కిలోల బియ్యం బస్తాలు మూడు, ఆ పైన ఇంకో ఏడు కిలోలు. ఈ దారిలో ఒక్కో మనిషి వంతు 8 మూటలని అలెగ్జాండర్ మెకంజీ 1801లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. రెండేసి చొప్పున అయితే నాలుగుసార్లు బరువుతో వెళ్లాలి, మధ్యలో మూడుసార్లు వెనక్కి రావాలి. మొత్తం దాదాపు 60 మైళ్లు. పడవ ప్రయాణమని మనం పిలుస్తున్నదాంట్లో ఇంత నడక ఉంది.

వోయజర్లలో ఎక్కువమంది క్యుబెక్ పల్లెల రైతుల పిల్లలు. చాలామందికి రాయడం రాదు. మనవాళ్లు వేలిముద్ర వేసినట్టు, కూలి ఒప్పందం మీద ఇంటూ గుర్తు పెట్టేవాళ్లు. వాళ్లు దూరాన్ని పైపుల్లో కొలిచేవాళ్లు. తెడ్లు ఆపి పొగ పీల్చుకునే రెండు విరామాల మధ్య దూరం ఒక పైపు. ఆ సరస్సుకి అడ్డంగా ఎన్ని పైపులు, ఈ నదికి ఎన్ని, అని. మన ఆమడలాంటి కొలతే, కాకపోతే ఇది అలసటతో పుట్టింది.

ఇక కెనూ సంగతి. బర్చ్ చెట్టు బెరడు, దేవదారు బద్దలు, స్ప్రూస్ వేళ్లతో కుట్లు, ఆ కుట్ల మీద స్ప్రూస్ బంకలో కొవ్వు కలిపి పూత. ఒక్క మేకు ఉండదు. యూరప్ పడవలు ఈ దారుల్లో పనికిరాకపోవడానికి కారణం తేలికే: వాటిని మోయలేం. బెరడు పడవ రాయి తగిలి చిరిగినా, బాగుచేయడానికి కావాల్సిందంతా ఒడ్డునే దొరుకుతుంది. అనిషినాబేల్లో వేళ్లు తవ్వడం, చీల్చడం, కుట్టడం, బంక పూయడం ఎక్కువగా ఆడవాళ్ల పని. ఖండం దాటిన ఆ వ్యాపారం కంపెనీ పద్దులతో నడిచిందంటారు. పద్దుల కింద ఈ కుట్లున్నాయి.

మెకంజీ ప్రయాణమే చూడండి. 1789 జూన్ 3న అథబాస్కా సరస్సు ఒడ్డున ఉన్న ఫోర్ట్ చిపెవియాన్ నుంచి బయల్దేరాడు. పసిఫిక్ తీరం చేరతాననుకుని, ఆర్కిటిక్ తీరం చేరి, 102 రోజుల తర్వాత సెప్టెంబర్ 12న వెనక్కొచ్చాడు. మ్యాపుల్లో ఆ నది పేరు మెకంజీ. ఒడ్డున ఉండే డెనే ప్రజలకి అది డెచో, అంటే పెద్ద నది. తనతో వచ్చిన నలుగురు వోయజర్ల పేర్లూ ఒక జర్మన్ పేరూ మెకంజీ రాసుకున్నాడు. దారికీ మాటకీ ఆధారమైన చిపెవియాన్ నాయకుణ్ణి ‘ఇంగ్లిష్ చీఫ్’ అన్నాడు. అతని అసలు పేరు నెస్టాబెక్. అతని భార్యలు ఇద్దరు, వోయజర్లలో ఇద్దరి భార్యలు కూడా వెళ్లారు. మొత్తం నలుగురు ఆడవాళ్లు. ఆ పుస్తకంలో ఒక్కరి పేరూ లేదు.

పేర్లు లేవు గానీ వాళ్ల పని ఉంది. ఆడవాళ్లు ఎప్పుడూ తోలుచెప్పులు కుడుతూనే ఉంటారని, ఒక జత ఒక రోజు కంటే ఎక్కువ రాదని మెకంజీ రాశాడు. ఎదురు ప్రవాహంలో కెనూని తాడుతో లాగుతూ రాళ్లగట్టు మీద నడిస్తే మరి అంతే కదా. సాహసయాత్రగా చదువుకునే ఆ 102 రోజుల్లో, ఎవరో కూర్చుని రోజూ రేపటి చెప్పులు కుడుతున్నారు.

1821లో నార్త్ వెస్ట్ కంపెనీ హడ్సన్స్ బే కంపెనీలో కలిసిపోయింది. సరుకు హడ్సన్ బే మీదుగా మళ్లింది, తర్వాత పట్టు టోపీల ఫ్యాషన్ వచ్చింది, మాంట్రియల్ కెనూల కాలం ముగిసింది. కానీ దారి పోలేదు. 1842లో అమెరికా, బ్రిటన్ సరిహద్దు ఒప్పందం చేసుకున్నప్పుడు, ఈ ప్రాంతంలో గీత ఆ పాత నీటిదారి వెంబడే పోయింది. గ్రాండ్ పోర్టేజ్ సహా ఆ మోతదారులు రెండు దేశాలవాళ్లకీ తెరిచి ఉంచాలని అందులోనే రాసుకున్నారు. 1854 ఒప్పందంలో అనిషినాబేలు ఆ ప్రాంతపు భూమి వదులుకుని, వేటాడే, చేపలు పట్టే హక్కుల్ని నిలబెట్టుకున్నారు. తర్వాత 1964లో అమెరికా చట్టం వైల్డర్‌నెస్‌కి నిర్వచనం ఇచ్చింది: మనిషి చూసి వెళ్లిపోయేవాడే తప్ప ఉండిపోని చోటు. గ్రాండ్ పోర్టేజ్‌కి పడమట, అదే సరిహద్దు వెంబడి, వెయ్యికి పైగా సరస్సులున్న బౌండరీ వాటర్స్‌కి ఇప్పుడు ఆ హోదానే ఉంది.

అడవిని కాపాడాలనే ఉద్దేశం మంచిదే.  నా పేచీ నిర్వచనంతో. ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి కాలిబాట ఉందంటే, అది ఎన్నో తరాలు నడిస్తే పడిన బాట. ఈ రోజు మినియాపొలిస్ నుంచి వచ్చే మన తెలుగు కుర్రాళ్లయినా, ఇంకెవరైనా, తేలికపాటి కెవ్లార్ కెనూని నెత్తిన పెట్టుకుని ఆ బాటల్లోనే నడుస్తారు. ‘మనిషి లేని చోటు’కి వాళ్లని తీసుకెళ్తున్నది మనుషులు వేసిన దారే.

గ్రాండ్ పోర్టేజ్ ఊరు ఇప్పటికీ ఒజిబ్వేల రిజర్వేషన్‌లోనే ఉంది. ఇలాంటి ప్రయాణం పుస్తకం ఏది చేతికొచ్చినా నేను మొదట మ్యాప్ చూస్తాను, ఎవరైనా అంతే అనుకుంటా. ఇప్పుడు మ్యాప్ తర్వాత ఇంకొకటి వెతుకుతున్నాను: ఇందులో చెప్పులు ఎవరు కుట్టారు?