ఆసుపత్రి నుంచి ఇంటికి: కంప్యూటర్ ద్వారా జ్ఞాన శిక్షణ చరిత్ర

లక్ష్యాలు
ఈ భాగం చదివిన తరువాత మీరు:
• మెదడుకు తర్ఫీదు ఇవ్వవచ్చన్న ఆలోచన ఆసుపత్రి నుంచి ఇంటికి ఎలా చేరిందో వివరించగలరు.
• ఆ శిక్షణ మనసును తేలికపరుస్తుందన్న వాదనను ఆధారాలతో అంచనా వేయగలరు.

1. పరిచయం
జ్ఞాపకశక్తి, ఏకాగ్రత తగ్గిన మనిషిని బాధించేది మతిమరుపు ఒక్కటే కాదు. దాని వెంట దిగులు, నిరాసక్తత, నలుగురిలోకి వెళ్లాలంటే జంకు కూడా వస్తాయి. ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని చేసే అభ్యాసాలు ఈ బాధను తగ్గిస్తాయా? ఈ ప్రశ్న కొత్తదే అయినా, దాని వేర్లు వందేళ్ల వెనక ఉన్నాయి.

2. యుద్ధ క్షతగాత్రులతో ఆరంభం
మొదటి ప్రపంచ యుద్ధంలో తలకు గాయాలైన జర్మన్ సైనికుల కోసం కుర్ట్ గోల్డ్‌స్టైన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక సంస్థను నడిపాడు. శక్తికి మించిన పని ఎదురైతే రోగి ఒక్కసారిగా తీవ్ర ఆందోళనకు లోనవుతాడని ఆయన గమనించాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సోవియట్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ లూరియా ఉరల్ ప్రాంతపు ఆసుపత్రిలో ఇటువంటి పనే చేపట్టాడు. దెబ్బతిన్న సామర్థ్యం తిరిగి రాకపోయినా, మిగిలిన సామర్థ్యాల సాయంతో అదే పనిని మరో దారిలో చేయించవచ్చని ఆయన చూపాడు. ఇద్దరి పద్ధతిలోనూ చికిత్సకుడు రోగి పక్కనే ఉండేవాడు.

3. కంప్యూటర్ ప్రవేశం
1980లలో చిన్న కంప్యూటర్లు పునరావాస కేంద్రాలకు చేరాయి. జవాబు సరైనదైతే ప్రశ్నను కఠినం చేయడం, తప్పితే సులభం చేయడం యంత్రానికి సాధ్యమైంది. గోల్డ్‌స్టైన్ గమనించిన ఆందోళనను తప్పించడానికి ఇది అనువైన లక్షణం.

అమెరికాలో 1998లో మొదలైన 'యాక్టివ్' ప్రయోగంలో 65 ఏళ్లు, అంతకు పైబడిన 2,832 మంది పాల్గొన్నారు. జ్ఞాపకశక్తి, తార్కిక ఆలోచన, ఆలోచనా వేగం అనే మూడు రకాల శిక్షణలలో చివరిది కంప్యూటర్‌పై సాగింది. ఏ శిక్షణ పొందినవారు ఆ నైపుణ్యంలోనే మెరుగుపడ్డారని 2002లో తేలింది. అయితే వేగ శిక్షణ పొందినవారిలో ఏడాది తరువాత కుంగుబాటు లక్షణాలు ముదరడం తక్కువగా ఉందని 2009లో వెలువడిన విశ్లేషణ తెలిపింది. వీరు డిమెన్షియా లేని వృద్ధులన్న సంగతి మరువరాదు.

అదే 2009లో ప్రచురితమైన 'ఇంపాక్ట్' ప్రయోగం శిక్షణను ఇంటికి తెచ్చింది. 487 మంది వృద్ధులు రోజుకు గంట చొప్పున, వారానికి 5 రోజులు, 8 వారాల పాటు అభ్యాసం చేశారు.

4. వ్యాపారం, వివాదం
2005లో జపాన్‌లో నింటెండో సంస్థ విడుదల చేసిన మెదడు ఆటలు బాగా అమ్ముడుపోయాయి. 2010లో బ్రిటన్‌లో 11,430 మందిపై ఆరు వారాలు సాగిన పరీక్షలో, అభ్యాసం చేసిన ఆటల్లో నేర్పు పెరిగింది గాని, అది ఇతర పనులకు విస్తరించలేదు. 2014లో కొందరు శాస్త్రవేత్తలు ప్రకటనలను తప్పుపడుతూ బహిరంగ లేఖ రాస్తే, మరికొందరు శిక్షణను సమర్థిస్తూ ఇంకో లేఖ రాశారు. 2016లో లూమోస్ ల్యాబ్స్ సంస్థ, వినియోగదారులను మోసపుచ్చే ప్రచారం చేసిందన్న అమెరికా వాణిజ్య కమిషన్ ఆరోపణలపై 20 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

5. మనసు స్థితి: ఆధారాలు ఏమంటున్నాయి?
2017లో వెలువడిన ఒక సమగ్ర సమీక్ష ప్రకారం, స్వల్ప జ్ఞాన క్షీణత ఉన్నవారిలో కంప్యూటర్ శిక్షణ జ్ఞాపకశక్తితో పాటు కుంగుబాటు లక్షణాలను కూడా కొంత మెరుగుపరిచింది. డిమెన్షియా ముదిరినవారి విషయంలో ఆధారాలు బలహీనం. కనుక 'ఎవరికి?' అని అడగకుండా 'పనిచేస్తుందా?' అని అడిగితే సరైన జవాబు రాదు.

'ఎలా?' అన్నదీ అంతే ముఖ్యం. ఆరోగ్యవంతులైన వృద్ధులపై జరిగిన 52 ప్రయోగాలను 2014లో పరిశీలించగా, పర్యవేక్షణతో సాగిన శిక్షణ ఫలించింది. ఇంట్లో ఒంటరిగా చేసినది ఫలించలేదు. 2022లో, స్వల్ప జ్ఞాన క్షీణత గల 107 మందిపై ఇంటివద్దే జరిపిన ప్రయోగంలో కంప్యూటర్ ఆటల కంటే కంప్యూటర్‌పైనే పూరించే పదకేళి మెరుగైన ఫలితమిచ్చింది. ఖరీదైన కొత్త ఆటే మేలైనదన్న నమ్మకాన్ని ఇది ప్రశ్నిస్తుంది.

6. మన సందర్భం
హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం, రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తెలిపింది. చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. దీనినుంచి మనకొక పాఠముంది. మెదడుకు అభ్యాసం బడిచదువుతోనో తెరతోనో మాత్రమే రాదు. అక్షరం రాని అమ్మమ్మ ముందు ఇంగ్లిషు ఆటను పెట్టి 'తప్పు, తప్పు' అనిపిస్తే ఆమె దిగులు పెరిగే ప్రమాదముంది. ఆమె భాషలో, ఆమె స్థాయిలో, మనవడో మనవరాలో పక్కన కూర్చుని చేయిస్తే ఆ పూట ఆమెకు ఒక తోడైనా దొరుకుతుంది.

7. సారాంశం
చికిత్సకుడి సమక్షంలో పుట్టిన పద్ధతి, యంత్రం వల్ల ఇంటికి చేరింది. ఈ మార్పులో అందుబాటు పెరిగింది, పక్కన మనిషి తగ్గాడు. స్వల్ప క్షీణత ఉన్నవారికి ఈ శిక్షణ కొంత మేలు చేయవచ్చు గాని, వైద్యుని సలహాకూ కుటుంబ సాన్నిధ్యానికీ అది బదులు కాదు.

మాదిరి ప్రశ్నలు
1. గోల్డ్‌స్టైన్, లూరియాల కృషిని వివరించండి.
2. 'యాక్టివ్', 'ఇంపాక్ట్' ప్రయోగాలను పోల్చండి.
3. ఇంటివద్ద శిక్షణకు పర్యవేక్షణ ఎందుకు అవసరమో చర్చించండి.