పంకా తాడు నుంచి స్టార్ లేబుల్ దాకా: చల్లదనం ఖర్చు ఎవరు భరించారు?

ఈ వారం వ్యాసం మా గదిలో జరిగిన ఒక చర్చతో మొదలవుతుంది. చివరికి జీఎస్-1 ఆధునిక చరిత్రకీ, జీఎస్-3 ఇంధనం, పర్యావరణానికీ రెండింటికీ పనికొస్తుంది. కాస్త ఓపికగా చదవండి.

ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ దగ్గర మేం ముగ్గురం ఒక గదిలో ఉండి చదువుకుంటున్నాం. పై అంతస్తు. నెత్తిన నేరుగా శ్లాబే. ఏప్రిల్ వస్తే రాత్రి పదకొండైనా గోడలు వేడిగానే ఉంటాయి. ప్రిలిమ్స్ దగ్గర పడుతోంది కదా అని ఈసారి ఏసీ పెట్టించుకుందాం అనుకున్నాం. ఇద్దరికి ఇంటి నుంచి డబ్బు వస్తుంది. నాకు వచ్చేది నాన్న రైల్వే పెన్షన్ నుంచే. మూడోవాడు సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి అద్దె కట్టుకుంటాడు. లెక్కలన్నీ విన్నాక వాడు, "మీరు పెట్టించుకోండి రా, నేను వరండాలో పడుకుంటాను" అన్నాడు. కోపంతో అనలేదు, మామూలుగానే అన్నాడు.

ఆ రోజు నేను చదువుతున్నది పంకా లాగేవాళ్ళ గురించి. వాళ్ళు కూర్చున్నదీ వరండాలోనే. అందుకే ఈ వ్యాసం రాయాలనిపించింది.

1. అంతస్తును బట్టి చల్లదనం: మొఘలుల కాలం

అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో నీళ్ళు చల్లబరిచే ఏర్పాట్లకు ప్రత్యేకంగా చోటిచ్చాడు. సూరేకారం కలిపిన నీటిలో పాత్రను తిప్పి, లోపలి తాగునీటిని చల్లబరిచేవారు. తర్వాత లాహోర్ దర్బారుకు కొండల నుంచి మంచు తెప్పించారు. వేసవిలో అన్ని అంతస్తుల వాళ్ళూ మంచు వాడతారనీ, పెద్ద ఉమరావులు మాత్రం ఏడాది పొడవునా వాడతారనీ ఆయన రాశాడు. చరిత్ర పొడవునా ఇదే కనిపిస్తుంది. చల్లదనం అందరికీ కావాలి, ఎంతకాలం దొరుకుతుందనేది మాత్రం హోదా నిర్ణయిస్తుంది.

2. పంకా: కొనడానికి చవక, నడపడానికి మనిషి

18వ శతాబ్దం చివరి నుంచి కలకత్తాలోని ఆంగ్లేయుల ఇళ్ళలో పైకప్పుకు వేలాడే గుడ్డ పంకాలు వచ్చాయి. ఒక చట్రం, దానికి గుడ్డ, ఒక తాడు. తాడు గోడలోని కన్నం గుండా వరండాలోకి వెళ్తుంది. అక్కడ ఒక మనిషి కూర్చుని పగలూ రాత్రీ లాగాలి. సామాను ఖర్చు చాలా తక్కువ. నడిపే ఖర్చు కూడా దొరకు తక్కువే, ఎందుకంటే కూలీ అంత తక్కువ. అసలు భారం పడింది తాడు పట్టుకున్నవాడి నిద్ర మీద, ఒంటి మీద.

వాడు కునికితే తన్నులు పడేవి. ఆ దెబ్బలకు చనిపోయిన కేసులు 19వ శతాబ్దం రెండో సగంలో కోర్టులకు వచ్చాయి. "మలేరియా వల్ల ప్లీహం ముందే ఉబ్బి ఉంది, చిన్న దెబ్బకే పగిలింది" అనే వాదనతో నిందితులు తేలికపాటి శిక్షలతో బయటపడేవారు. పరీక్షల కోసం గుర్తుంచుకోవాల్సింది 1876 నాటి ఫుల్లర్ కేసు. అందులో చనిపోయినది పంకా లాగేవాడు కాదు, గుర్రాల కాపరి. కానీ వాదన అదే. ఆగ్రాలో ఫుల్లర్ అనే ఆంగ్ల న్యాయవాదికి పడిన శిక్ష 30 రూపాయల జరిమానా. వైస్రాయ్ లిట్టన్ దాన్ని తప్పుపట్టాడు. వెర్నాక్యులర్ ప్రెస్ చట్టం తెచ్చిన లిట్టనే ఇదీ చేశాడన్నది ఆన్సర్లో రాయదగ్గ విషయం.

3. 1833: బోస్టన్ నుంచి మంచు ఓడ

1833 అనగానే మనకు చార్టర్ చట్టం, బెంటింక్ గుర్తొస్తారు. ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోండి. ఆ ఏడాది మే నెలలో బోస్టన్ నుంచి టస్కనీ అనే ఓడ సుమారు 180 టన్నుల సహజ మంచుతో బయలుదేరింది. నాలుగు నెలల తర్వాత కలకత్తా చేరేసరికి సుమారు 100 టన్నులు మిగిలింది. వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్. కలకత్తాలో చందాలు వేసుకుని ఐస్ హౌస్ కట్టించారు. మద్రాసులో కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ మెరీనా ఎదురుగా ఉంది. 1897లో వివేకానందుడు బస చేసింది ఆ భవనంలోనే. 1878లో బెంగాల్ ఐస్ కంపెనీ వచ్చి యంత్రాలతో మంచు తయారీ పెరిగాక ఓడ మంచు వ్యాపారం ముగిసింది.

ఇప్పుడు ఏసీ షాపుకు వెళ్తే "ఒక టన్నా, టన్నున్నరా?" అని అడుగుతారు కదా. ఆ టన్ను ఏసీ బరువు కాదు. ఒక అమెరికన్ టన్ను, అంటే 2,000 పౌండ్ల మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి పీల్చుకుంటుందో అంత వేడిని యంత్రం గది నుంచి తీసేస్తుందని అర్థం. పౌండుకు 144 బీటీయూ చొప్పున రోజుకు 2,88,000, గంటకు 12,000 బీటీయూ. మన కొలతల్లో సుమారు 3.5 కిలోవాట్లు. మంచు ఓడలు పోయినా మంచు కొలత ఉండిపోయింది.

4. 1902: రెండు సంఘటనలు

1902లో తూర్పు తీర రైలు మార్గపు ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిసింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తెలుగువాళ్ళు ఖరగ్‌పూర్ వర్క్‌షాప్‌కు వచ్చిన దారి ఇదే. మా ముత్తాత కూడా అలా వచ్చినవాడే. కమ్మరి షాపులో పని. మా ఇంట్లో ఫర్నేస్ అంటే ఇప్పటికీ ఆ కొలిమే. 1944లో ఆ రైల్వేని ప్రభుత్వం తీసుకుంది, 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే ఏర్పడింది.

అదే 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్ కోసం విలిస్ కారియర్ ఆధునిక ఎయిర్ కండిషనింగ్ రూపొందించాడు. అప్పుడు అతని వయసు 25, ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చి ఏడాదే అయింది. అతని ముందున్న సమస్య వేడి కన్నా ఎక్కువగా తేమ. గాలిలో తేమ మారితే కాగితం సాగుతుంది, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడవు. అంటే ఏసీ పుట్టింది మనుషుల కోసం కాదు, కాగితం కోసం.

మన రైళ్ళలో 1934లో ఫ్రాంటియర్ మెయిల్‌కు చల్లని పెట్టె వచ్చింది. నేల కింద మంచు దిమ్మలు పెట్టి వాటి మీదుగా గాలి పంపేవారు. 1969లో హౌరా రాజధాని, 1993లో మూడో తరగతి ఏసీ, 2006లో గరీబ్ రథ్. ఈ నాలుగు మెట్లు వరుసగా రాస్తే చల్లదనం పై తరగతి నుంచి కిందికి దిగడానికి ఎంతకాలం పట్టిందో తెలుస్తుంది.

5. మరి తక్కువ ఖర్చులో ఏది ఎంచుకోవాలి?

చరిత్ర నుంచి నాకు దొరికిన ప్రశ్నలు మూడు.

మొదటిది, మీ ఊరి గాలి ఎలాంటిది? ఆంగ్లేయులు వాడిన తడి వట్టివేళ్ళ తడికలు, నేటి కూలర్ ఒకే సూత్రం మీద పనిచేస్తాయి. నీరు ఆవిరవుతూ గాలి వేడిని తీసుకుంటుంది. గాలి పొడిగా ఉంటేనే ఇది సాగుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం, నిజామాబాద్‌లలో కూలర్ బాగా పనిచేస్తుంది. విశాఖ, కాకినాడల్లో ఒళ్ళు జిగటగా తయారవుతుంది. ఖరగ్‌పూర్‌లో కూడా జూన్ వచ్చాక అంతే. కూలర్ వాడితే కిటికీ తెరిచి ఉంచాలి, ఏసీ వాడితే మూయాలి.

రెండోది, నడిపే ఖర్చు ఎవరు కడతారు? లేబుల్ మీద ఉండే ఐసీర్ అంటే ఏడాది మొత్తంలో తీసేసిన వేడిని ఖర్చైన కరెంటుతో భాగిస్తే వచ్చే సంఖ్య. ఏడాదికి 1,600 గంటల వాడకం ఆధారంగా దీన్ని లెక్కిస్తారు. సంఖ్య ఎక్కువైతే బిల్లు తక్కువ.

మూడోది, ఆ ఇంట్లో ఎంతకాలం ఉంటారు? ఒక ఊహాలెక్క చూద్దాం. మూడు స్టార్లకూ ఐదు స్టార్లకూ ధరలో తేడా 8,000 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 200 యూనిట్లు మిగులుతాయి, యూనిట్ 8 రూపాయలు. ఏడాదికి మిగిలేది 1,600. పెట్టిన అదనపు డబ్బు తిరిగి రావడానికి 5 ఏళ్ళు. సొంత ఇల్లైతే ఐదు స్టార్లే కొనండి. వచ్చే ఏడాది ఏ ఊళ్ళో ఉంటామో తెలియని మనలాంటి వాళ్ళకు ఆ లెక్క కుదరదు. ఇంటి యజమాని మంచి ఏసీ కొనడు, ఎందుకంటే బిల్లు కట్టేది అద్దెకున్నవాడు. అద్దెకున్నవాడూ కొనడు, ఎందుకంటే ఇల్లు అతనిది కాదు. ఇంధన పొదుపుకు అడ్డంకుల గురించి ప్రశ్న వస్తే ఈ ఉదాహరణ రాయండి.

టన్నుల విషయంలో ఒక జాగ్రత్త. చిన్న గదికి పెద్ద ఏసీ పెడితే మంచిదనుకోకండి. ఇన్వర్టర్ లేని రకమైతే గది త్వరగా చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ మాత్రం పూర్తిగా పోదు.

న్యూజెర్సీలో ఉంటున్న మా పిన్ని కొడుకుకీ ఈ మధ్య ఇదే తలనొప్పి వచ్చింది. అక్కడ ఇల్లంతటికీ ఒకే సెంట్రల్ ఏసీ, చలికాలానికి గ్యాస్ ఫర్నేస్. రెండూ ఒకే గాలి గొట్టాలను వాడతాయి. ఏసీకి సీర్-2 సంఖ్య, ఫర్నేస్‌కు ఏఎఫ్‌యూఈ శాతం చూస్తారు. 80 శాతం అంటే 100 డాలర్ల గ్యాస్ కాలిస్తే 80 డాలర్ల వేడి ఇంట్లోకి, మిగతాది పొగగొట్టంలోకి. "అన్నయ్యా, మీ దగ్గర చలికాలం పొడవు కాబట్టి అదనపు డబ్బు ఫర్నేస్ మీద పెట్టు, ఏసీ మధ్యరకం చాలు" అన్నాను. డల్లాస్‌లో ఉంటే దీనికి తిరగేసి చెప్పేవాణ్ణి.

6. విధానాల వైపు

ఇంధన పొదుపు చట్టం 2001లో, బీఈఈ 2002లో, స్టార్ లేబులింగ్ 2006లో వచ్చాయి. 2020 జనవరి నుంచి గది ఏసీలు 24 డిగ్రీల డిఫాల్ట్‌తో రావాలన్నది నిబంధన. 2019 నాటి ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ లక్ష్యాల్లో ముఖ్యమైనది 2037-38 నాటికి చల్లదనం గిరాకీని 20 నుంచి 25 శాతం తగ్గించడం. తగ్గించాల్సింది గిరాకీని అన్నది గమనించండి. నీడ, తెల్లటి పైకప్పు, గాలి ఆడే కిటికీలు ముందు, యంత్రం తర్వాత. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఈ ఆలోచనతోనే.

ఇది విలాసం సంగతి కాదు. 2015 వడగాల్పుల్లో దేశంలో 2,000 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్ళే.

ఖరగ్‌పూర్‌లో చదివేవాళ్ళకు తేలిగ్గా గుర్తుండే తేదీ ఒకటి. 1931 సెప్టెంబర్ 16న ఇక్కడి హిజ్లీ నిర్బంధ శిబిరంలో కాల్పులు జరిగి ఇద్దరు ఖైదీలు చనిపోయారు. 1951లో ఐఐటీ మొదలైంది ఆ భవనంలోనే. 1987 సెప్టెంబర్ 16న మాంట్రియల్ ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ఏసీలలోని వాయువులను నియంత్రించే కిగాలీ సవరణ (2016) దానికి కొనసాగింపే.

7. మేం ఏం చేశాం?

ఏసీ కొనలేదు. యజమానిని అడిగి డాబాకు రెండు పూతలు సున్నం వేశాం. పాత ఫ్యాను 75 వాట్లు తినేది. దాని బదులు 30 వాట్ల దగ్గర నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు తెచ్చాం. ఖర్చు మూడు సమాన వాటాలు. గది విడిచేటప్పుడు ఫ్యాన్లు విప్పుకుని పోవచ్చు. మధ్యాహ్నాలు లైబ్రరీలో, రాత్రి కిటికీలన్నీ తెరిచి గదిలో.

అబద్ధం చెప్పను. జూన్‌లో తేమ పెరిగాక కొన్ని రాత్రులు నిద్ర పట్టలేదు. ఏసీ ఉంటే ఆ రాత్రులు బాగుండేవి. కానీ ముగ్గురం ఒకే గదిలో పడుకున్నాం, వరండాలో ఎవరూ లేరు. మా బడ్జెట్‌కు సరిపడేది అదే.

ప్రాక్టీస్ ప్రశ్న (250 పదాలు): "వేడి నుంచి రక్షణ వ్యక్తి కొనుగోలు శక్తి మీద ఆధారపడకూడదు." వలస పాలన నాటి అనుభవం, ప్రస్తుత శీతలీకరణ విధానాల వెలుగులో చర్చించండి.

జవాబు రాసేటప్పుడు పరిచయానికి పంకాని, ముగింపుకు కూలింగ్ యాక్షన్ ప్లాన్‌ని వాడి చూడండి. మధ్యలో మీ ఊరి ఉదాహరణ ఒకటి తప్పకుండా ఇవ్వండి.