తెర ముందు బొమ్మ, తెర వెనుక మనిషి

బొమ్మలాటను గూర్చి ముచ్చటించునపుడు మనము బొమ్మనే తలచుకొందుము. దానినాడించిన చేతిని తలచుట అరుదు. ఆట రక్తి కట్టవలెనన్న ఆ చేయి కనబడరాదు. కళకు మేలు చేసిన ఈ నియమమే కళాకారునకు చరిత్రలో చోటు లేకుండ జేసినది.

ఈ కళ మిక్కిలి ప్రాచీనమైనది. మానవుడు ఈశ్వరుని చేతిలో కొయ్యబొమ్మ వంటివాడని భారత వనపర్వమున ద్రౌపది ధర్మరాజుతో వాదించినది. సంస్కృత నాటకమున ముందుగా ప్రవేశించు సూత్రధారుడు మొదట బొమ్మల దారము పట్టినవాడే యని జర్మను పండితుడు పిషెల్ 1900లో ప్రతిపాదించెను. దీనిని అందరును అంగీకరింపలేదు. తెలుగున పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రమునందు బొమ్మలాటల ప్రస్తావన కలదు.

మా నస్పూరు గోదావరి తీరమున, బొగ్గు గనుల నడుమ నున్నది. ఇచ్చటినుండి పడమరగా పోయినచో నిర్మలు. అచ్చట పొనికి కొయ్య రంగులు పూసుకొని బొమ్మయై నిలుచును. దక్షిణముగా జనగామ వైపు పోయినచో అమ్మాపురము; అచ్చట కొయ్యబొమ్మ దారముల సాయమున నడచును, నర్తించును. రాయలసీమలోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు ప్రసిద్ధి. మేకతోలును నానబెట్టి, గీకి, వెలుగు చొరబారునంత పలుచన చేసి, రంగులు వేసి, నగల చోట సన్నని రంధ్రములు పొడుతురు. మనిషెత్తు బొమ్మలును కలవు. ఆడించువాడు కాలి గజ్జెలతో చెక్కపలకలను త్రొక్కుచు యుద్ధఘోష పుట్టించును. స్త్రీలును గొంతు కలిపి పాడుదురు. పూర్వము ఆముదపు దీపముల వెలుగులో రామాయణ భారత కథలు రాత్రుల తరబడి సాగెడివి.

తెల్లని తెర, దానిపై వెలుగు నీడలు, ఎదుట జనము: ఇవన్నియు చలనచిత్రమునకు ముందే మన పల్లెలకు పరిచితములు. 1932లో భక్త ప్రహ్లాద, 1934లో లవకుశ వచ్చినవి. బొమ్మలవాని ప్రేక్షకులతో పాటు అతని కథలను గూడ చిత్రము తీసికొన్నది. ఒకసారి తీసిన చిత్రము వేయి ఊళ్లలో ఆడును. బొమ్మలవాడు ప్రతి రాత్రియు తానే పాడవలెను, తానే గంతులు వేయవలెను. ఈ పోటీలో అతడు నెగ్గుట ఎట్లు?

అయినను చిత్రము ఆ ఋణమును కొంత తీర్చవలెనన్న దానికి మార్గము లేకపోలేదు. ప్రకాశ్ కోవెలమూడి దర్శకత్వమున నిర్మితమైన ‘బొమ్మలాట’ ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము నందినది. బొమ్మలాడించువారి బ్రతుకును, చదువు కోరిన ఒక బాలుని ఆశను అది కథగా గైకొన్నది. ఆట తన నియమముచేత దాచిన ముఖమును చిత్రము తెర వెనుకకు పోయి చూపగలదు. 2020లో నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావునకు పద్మశ్రీ లభించుటయు అట్టిదే. ఆ చేతికి దేశము ఒక పేరు పెట్టి పిలిచినది.

బొమ్మను ప్రదర్శనశాలలో భద్రపరుపవచ్చును. ఆడించు చేతిని మాత్రము అట్లు దాచలేము. దానికి ఊరిలో ఒక రాత్రి ఆట కావలెను, నేర్చుకొనుటకు ఒక బిడ్డ కావలెను, ఆ బిడ్డకు అన్నము పెట్టు ప్రతిఫలమును కావలెను.