ఒక ఫోన్ మాట, ఒక గాయం

1982లో రమేశ్ సిప్పీ తీసిన 'శక్తి'లో దిలీప్ కుమార్ తండ్రి, అమితాబ్ బచ్చన్ కొడుకు. అంచనాలు ఆకాశాన్నంటాయి, వసూళ్లు మాత్రం అంత ఎత్తుకు ఎగరలేదు. లోపం కథ చెప్పిన తీరులోనే ఉంది. కొడుకును చంపినా నేరస్థుణ్ణి వదలనని పోలీసు తండ్రి కిడ్నాపర్లతో ఫోన్లో అంటాడు. ఆ మాట పిల్లవాడి చెవిన పడుతుంది. సినిమాకు ప్రాణం అదే. తీరా కథంతా తాతైన ఆ తండ్రి మనవడికి చెబుతున్నట్టు నడవడంతో, కొడుకు గాయం తండ్రి సంజాయిషీ కింద నలిగిపోయింది.

ఫిలింఫేర్ ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది కదా అనొచ్చు. నిజమే, నటనకూ రచనకూ అది తగినదే. కానీ ప్రేక్షకుడికి పక్షం కావాలి. 'శక్తి'కి ప్రేరణగా చెప్పే తమిళ 'తంగపతక్కం' ఛాయల్లోనే 1981లో 'కొండవీటి సింహం' వచ్చింది. అందులో దారితప్పిన కొడుకు మోహన్‌బాబు. తండ్రీ, మంచి కొడుకూ ఎన్టీఆరే. ఇక ఎవరి వైపు నిలబడాలో హాల్లో ఎవరికీ సందేహం రాలేదు!