చిన్న అణువుల లోపలి కర్పర ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటశాస్త్రం

ఎక్స్‌కిరణం తాకినప్పుడు అణువులోని ఏదో ఒక పరమాణువు నుంచి, కేంద్రకాన్ని అంటిపెట్టుకుని ఉన్న ఎలక్ట్రాన్ బయటికి ఊడి వస్తుంది. దాని గతిజశక్తిని కొలిచి, కిరణం శక్తిలోంచి తీసేస్తే బంధనశక్తి తేలుతుంది. లెక్క ఐన్‌స్టీన్ 1905లో చెప్పిన కాంతి విద్యుత్ ఫలితానిదే. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్‌ల 1ఎస్ ఎలక్ట్రాన్లు సుమారుగా 290, 410, 540 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటాయి కాబట్టి మూలకాన్ని పోల్చుకోవడం కష్టం కాదు. ఆ మూలకం ఎవరి పక్కన కూర్చుందో చెప్పడంలోనే ఈ పద్ధతి పస ఉంది.

తొలి ప్రయోగం ఎవరిదన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. ఇన్నెస్ (1907), మాంచెస్టర్‌లో రాబిన్సన్ (1914) చేసిన పనిని కొందరు ఆదిగా లెక్కిస్తారు. అమెరికాలో స్టైన్‌హార్ట్, సర్ఫాస్ 1951లో దీన్ని రసాయన విశ్లేషణకు వాడారు. స్వీడన్‌లోని ఉప్సాలాలో కై సీగ్బాన్ బృందం సాధించిన తొలి స్పష్టమైన వర్ణపటానికి 1954 అని ఒక తేదీ, ప్రచురణను బట్టి 1957 అని మరో తేదీ కనిపిస్తాయి. ఏది తీసుకున్నా, సన్నని గీతను విడిగా చూపించినవారు ఉప్సాలావాళ్లే అనడం సబబు. సోడియం థయోసల్ఫేట్‌లోని రెండు గంధకాలు రెండు శిఖరాలుగా విడిపోవడం 1964లో బయటపడింది. వాయు అణువులపై వారి గ్రంథం 1969లో వచ్చింది. సీగ్బాన్‌కు నోబెల్ 1981లో దక్కింది.

చిన్న అణువుల్లో పక్కనున్న పరమాణువును బట్టి వచ్చే ఈ తేడా కంటికి ఆనినట్టు కనిపిస్తుంది. పంటి వైద్యులు మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్‌లో రెండు నైట్రోజన్లున్నాయి. మధ్యది ఆక్సిజన్ పక్కన ఉండి ఎలక్ట్రాన్ సాంద్రతను కొంత కోల్పోతుంది. అందుకే చివరి నైట్రోజన్ 408.7 దగ్గర, మధ్యది 412.6 దగ్గర శిఖరం ఇస్తాయి. ఆక్సిజన్ అణువు కథ వేరు. అందులో రెండు పరమాణువులూ ఒకటే అయినా, జత కాని ఎలక్ట్రాన్ల వల్ల 1ఎస్ గీత సుమారు 1.1 ఎలక్ట్రాన్ వోల్టు ఎడంతో రెండుగా చీలుతుంది.

అసలు చిక్కు గీత వెడల్పుతో వచ్చింది. పాతకాలపు అల్యూమినియం కిరణం శక్తి 1486.6 ఎలక్ట్రాన్ వోల్టులు, దాని సహజ వెడల్పే సుమారు 0.85. మీథేన్‌లో కార్బన్–హైడ్రోజన్ బంధపు కంపనం 0.4 దగ్గర ఉంటుంది కనుక అది అందులోనే మునిగిపోయేది. కిరణాన్ని స్ఫటికంతో వడగట్టాక, 1974 ప్రాంతంలో ఆ కంపనం గీత ఆకారంలో తొంగిచూసింది. తర్వాత సింక్రోట్రాన్ కాంతి వచ్చి వెడల్పును ఇంకా కుదించింది. ఇక మిగిలే హద్దు ప్రకృతి పెట్టిందే: కార్బన్ 1ఎస్ ఖాళీ దాదాపు 7 ఫెమ్టోసెకన్లలో పూడిపోతుంది, దానివల్ల గీతకు సుమారు 0.1 వెడల్పు తప్పదు. మీథేన్ బంధం ఒక్క ఊపు పూర్తిచేయడానికి సుమారు 10 ఫెమ్టోసెకన్లు పడుతుంది. ఊపు ముగిసేలోపే ఖాళీ నిండిపోతున్నా కంపన శిఖరాలు కనిపించడం కొత్తగా చూసేవారిని ఆశ్చర్యపరుస్తుంది.

ఎసిటిలీన్‌లో రెండు కార్బన్లూ సమానమే. ఖాళీ ఒక కార్బన్‌కు అంటిపెట్టుకుని ఉంటుందా, రెండూ పంచుకుంటాయా అన్నది పాత వాదం. 1997లో సుమారు 0.1 ఎలక్ట్రాన్ వోల్టు ఎడంతో సౌష్ఠవ, ప్రతిసౌష్ఠవ స్థితులు విడిగా కనిపించాయి. ఆ ఫలితం పంపకం వైపే మొగ్గుతుంది.

తెలుగువారి, తెలుగునాట జరిగిన పని ఎక్కువగా ఈ శాస్త్రపు పొరుగు శాఖల్లోనిది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కె. రంగధామరావు వర్ణపట పరిశోధనకు పునాది వేశారు. అక్కడే చదివిన కె. నరహరిరావు అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో చిన్న అణువుల పరారుణ వర్ణపటాలకు పేరుపడ్డారు. అణు వర్ణపట సదస్సులో విద్యార్థుల ప్రసంగాలకు ఇచ్చే రావు బహుమతి ఆయన పేరిటిదే. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సుశాంత మహాపాత్ర బృందం కంపనాలు, ఎలక్ట్రాన్ స్థితులు ఎలా కలగలుస్తాయో సిద్ధాంతపరంగా లెక్కగట్టింది. ఆ పని ప్రధానంగా వెలుపలి ఎలక్ట్రాన్ల గురించి.

తిరుపతి–చిత్తూరు దారిలోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఎలక్ట్రాన్ బంధనశక్తిని కొలవదు. అయితే ఈ వ్యాసంలోని అంకెలకు ఆ రాడార్ చూసే ఆకాశంతో సంబంధం ఉంది. సౌరజ్వాల ఎగసినప్పుడు చొచ్చుకొచ్చే ఎక్స్‌కిరణాల శక్తి సుమారు 410, 540 ఎలక్ట్రాన్ వోల్టుల హద్దులను దాటితే, 60–90 కిలోమీటర్ల ఎత్తున ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్ అణువుల నుంచి అవి మొదట ఊడదీసేది ఎక్కువగా ఈ లోపలి ఎలక్ట్రాన్లనే.